బయానా ఇచ్చేముందే బేరం: ఇల్లు కొనేవాళ్లు తేల్చుకోవాల్సిన విషయాలు

పెద్దేముల్‌లో ఇల్లు అమ్మకానికి ఉందని తెలిస్తే మన ఇళ్లలో మొదట అడిగే మాట "ఎంత చెప్తున్నరు?" అనే. రేటు దగ్గర మొదలైన మాట చాలాసార్లు రేటు దగ్గరే ఆగిపోతుంది. లక్షో రెండు లక్షలో తగ్గగానే సంతోషంగా బయానా చేతిలో పెట్టేస్తారు. సంతకం పెట్టాల్సిన అక్కచెల్లెళ్లు ఎంతమంది, ఒరిజినల్ కాగితాలు ఎక్కడున్నాయి, రిజిస్ట్రేషన్ ఏ తేదీకి అనే ప్రశ్నలు ఆ తర్వాత బయటికొస్తాయి. అప్పటికే డబ్బు అవతలివాళ్ల దగ్గర ఉంటుంది. అడిగే బలం మనకు తగ్గిపోతుంది.

కాబట్టి బేరం అంటే రేటు ఒక్కటే కాదు. బయానాకు ముందు తేల్చుకునే ప్రతి షరతూ బేరమే. వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల ఇల్లు కొనాలనుకునే కుటుంబాలు ఏది ముందు అడగాలి, ఏది రాయించుకోవాలి అనేది వరుసగా చూద్దాం.

ఇంటి బేరంలోనూ ఈజాబ్, ఖబూల్

నిఖాలో ఈజాబ్, ఖబూల్ అందరికీ తెలిసినవే. ఒకరు ప్రస్తావన పెడతారు, ఇంకొకరు దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకుంటారు. ఇంటి అమ్మకం మీద వర్తించే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. మీరు చెప్పిన రేటును అవతలివాళ్లు ఏ మార్పూ లేకుండా ఒప్పుకుంటేనే అది ఒప్పందం. మీరు 18 లక్షలు అంటే వాళ్లు "సరే గానీ 19 చేయండి" అన్నారనుకోండి. అది ఖబూల్ కాదు, వాళ్ల వైపు నుంచి కొత్త ఈజాబ్. మీ 18 అక్కడితో అయిపోయినట్టే. 19కి ఒప్పుకోవాలా వద్దా అనేది ఇప్పుడు మీ ఇష్టం.

అవతలివాళ్లు ఒప్పుకున్నామని చెప్పేదాకా మీ మాటను వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. అందుకని మొదటి మాటలోనే షరతు కలిపి చెప్పాలి. "చిచ్చా, 18 లక్షలకు మాకు ఇష్టమే. కానీ కాగితాలన్నీ చూసినంకనే బయానా ఇస్తం" అంటే రేటు, షరతు రెండూ కలిసి ఒకే ప్రస్తావన అవుతాయి. రేటు ఒప్పుకున్న వారం రోజులకు కాగితాలు అడిగితే "ఇప్పుడు అనుమానమా?" అనే మాట వస్తుంది.

రేటు ఎలా కట్టాలి

ముందు మీ చేతి ఖర్చంతా లెక్క వేసుకోండి. తెలంగాణలో 2021 జులై 22 నుంచి అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. మీరు మాట్లాడుకున్న రేటు, సర్కారు పెట్టిన మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ఉదాహరణకు 20 లక్షల ఇంటికి ఇది 1,50,000 రూపాయలు. మీ దగ్గర మొత్తం 20 లక్షలే ఉంటే మీరు 20 లక్షల ఇల్లు కొనలేరు. 18 లక్షల ఇంటికి 1,35,000 అవుతుంది. మరమ్మతులకు, దలాల్ కమీషన్‌కు, పాత ఇంటి పన్ను బాకీకి మిగిలేది 65,000 మాత్రమే.

సర్కారు విలువ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అది కనీస లెక్క మాత్రమే, అసలు రేటు తెలియాలంటే అదే గల్లీలో ఈ మధ్య అమ్ముడైన ఇంటి గురించి అడగాలి. అమ్మినవాళ్లను, కొన్నవాళ్లను ఇద్దరినీ అడిగితే నిజం మధ్యలో ఎక్కడో దొరుకుతుంది. స్థలాన్ని గజాల్లో, కట్టడాన్ని విడిగా లెక్కగట్టండి. ఒక గుంట అంటే 121 గజాలు. అమ్మేవాళ్లు "గుంటన్నర" అన్నా టేపు పెట్టి కొలవండి.

ఇంట్లో తాండూరు బండలు పరిచారని రేటు పెంచితే తొందరపడకండి. దూరం ఊళ్లలో ఆ బండలకు రవాణా ఖర్చు కలుస్తుంది, ఇక్కడ అవి పక్కనే దొరికే రాయి. ఇంటి నీళ్లు ఎక్కడి నుంచి, వానాకాలంలో మోరీ నీళ్లు ఎటు పోతాయి, దారి ఎవరిది లాంటివి ఇంట్లో ఆడవాళ్లతో కలిసి వెళ్లి చూడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోతే ఇంకా మంచిది. కనిపించిన ప్రతి లోపానికి ఖర్చు రాసుకుని ఆ లెక్క చూపించి తగ్గించమనండి. "తగ్గించు భాయ్" అనే ఖాళీ మాట కన్నా "పైకప్పు మరమ్మతుకు మేస్త్రీ ఇంత చెప్పిండు" అనే మాట బాగా పనిచేస్తుంది.

అమ్మేవాళ్లకు ఏం కావాలో కూడా కనుక్కోండి. కూతురి పెళ్లి దగ్గరపడినవాళ్లకు రేటు కన్నా తొందరగా డబ్బు చేతికి రావడం ముఖ్యం కావచ్చు. అలాంటిచోట నెల రోజుల్లో మొత్తం కడతామంటే రేటు తగ్గే అవకాశం ఉంటుంది.

సంతకం ఎవరెవరిది

మన కుటుంబాల్లో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. తండ్రి పేరు మీద ఉన్న ఇల్లు ఆయన ఇంతెఖాల్ అయ్యాక కొడుకులది మాత్రమే కాదు. ముస్లిం వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కూతుళ్లకు కూడా వాటా ఉంది.

ఒక లెక్క చూద్దాం. తండ్రి పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. హనఫీ పద్ధతిలో భార్యకు 8లో 1 వంతు. మిగిలింది కొడుక్కి రెండు, కూతురికి ఒకటి చొప్పున పంచుతారు. ఇంటిని 40 భాగాలు చేస్తే తల్లికి 5, కొడుకులకు తలా 14, కూతురికి 7. ఇద్దరు కొడుకులే సంతకం పెట్టి 20 లక్షలకు అమ్మితే మీకొచ్చేది 28 భాగాలే, అంటే 70 శాతం. మిగతా 12 భాగాలు తల్లీకూతుళ్లవిగానే ఉంటాయి. 6 లక్షలు కట్టి కూడా ఆ వాటా మీది కాదు.

"చెల్లెకు పెళ్లప్పుడే ఇచ్చేసినం, ఆమెకు హక్కు లేదు" అనే మాట మీద డబ్బు ఇవ్వొద్దు. ఆమె తన వాటాను వదిలేసి ఉంటే రిజిస్టర్ అయిన హక్కు విడుదల దస్తావేజు చూపించమనండి. లేదంటే అమ్మకం దస్తావేజులో ఆమె సంతకం తీసుకోండి. వారసులు ఎవరో తెలుసుకోవడానికి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, దానితో పాటు చుట్టుపక్కల వాళ్లను కూడా అడగండి.

వారసుల్లో మైనర్ పిల్లలుంటే ఇంకా జాగ్రత్త అవసరం. ముస్లిం చట్టంలో మైనర్ ఆస్తికి తండ్రి, తర్వాత తాత లేదా వాళ్లు వసీయత్‌లో నియమించినవాళ్లు సంరక్షకులు. తల్లి గానీ అన్న గానీ కోర్టు అనుమతి లేకుండా మైనర్ వాటా అమ్మితే ఆ అమ్మకం చెల్లదని 1918లోనే ప్రివీ కౌన్సిల్ చెప్పింది.

అసలు వారసుడు గల్ఫ్‌లో ఉండి ఇక్కడి తమ్ముడు పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్ముతుంటే, అది అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిందేనా, ఇండియాకు వచ్చిన 3 నెలల్లో స్టాంపు చేయించారా చూడండి. వీడియో కాల్‌లో ఆయనతోనే నేరుగా మాట్లాడండి. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ కాగితానికి బలం ఉండదు. అలాగే జీపీఏ మీద చేతులు మారినంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబర్‌లో స్పష్టంగా చెప్పింది.

కాగితాలు: ఏది ఏం చెప్తుంది

ఇంటి పన్ను రసీదు పన్ను కట్టినట్టు చెప్తుంది, హక్కు ఉన్నట్టు కాదు. పాత ఊరి మధ్యలో గ్రామకంఠం స్థలంలో ఉన్న ఇళ్లకు చాలాచోట్ల ఇంటి నంబరు, ఈ రసీదులే కనిపిస్తాయి. అలాంటప్పుడు ఆ ఇంటికి పాత దస్తావేజు ఏమైనా ఉందా, ఎన్నేళ్ల నుంచి ఎవరి స్వాధీనంలో ఉంది, పంచాయతీ రికార్డులో పేరు ఎలా మారుతూ వచ్చింది అని వెనక్కి వెళ్లి చూడాలి. నాలుగు వైపుల హద్దుల వాళ్లతో మాట్లాడాలి.

ఈసీ రిజిస్టర్ అయిన లావాదేవీలనే చూపిస్తుంది. నోటి మాటతో జరిగిన హిబా అందులో రాదు. ముస్లింలలో ప్రకటన, స్వీకారం, స్వాధీనం మూడూ జరిగితే నోటి హిబా కూడా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అంటే ఈసీ శుభ్రంగా ఉన్నా, తండ్రి బతికుండగానే ఆ ఇల్లు ఒక కూతురికి హిబా చేసి ఉండొచ్చు. కాబట్టి ఇంట్లో ప్రస్తుతం ఉంటున్నది ఎవరో, ఏ హక్కుతో ఉంటున్నారో అడిగి తెలుసుకోండి.

ఒరిజినల్ దస్తావేజు చూపించకుండా జిరాక్స్ ఇస్తుంటే ఇల్లు తాకట్టులో ఉందేమో అనుమానించాలి. సర్వే నంబరు పెట్టి నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ కింద పెట్టే ఆ జాబితాలో సర్కారు భూములతో పాటు వక్ఫ్, దేవాదాయ భూములు కూడా వస్తాయి. ఇల్లు లేని పేదలకు సర్కారు ఇచ్చిన ఇంటి స్థలమైతే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకానికి అడ్డు వస్తుంది. ఊరి బయట అనుమతి లేని లేఅవుట్‌లో కట్టిన ఇల్లయితే ఎల్‌ఆర్‌ఎస్ కట్టారా అని అడగండి. దాని కటాఫ్ తేదీ 2020 ఆగస్టు 26.

బయానా రసీదులో ఏముండాలి

ఇవన్నీ సరిపోయాకే బయానా. రాసుకోవడం అంటే అవతలివాళ్ల మీద నమ్మకం లేకపోవడం కాదు. బాకీ లావాదేవీలు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని మన దీన్ కూడా చెప్తుంది. కాగితంలో ఇవి తప్పకుండా ఉండాలి:

మొత్తం రేటు, ఇచ్చిన బయానా, మిగతాది ఏ తేదీకి.
ఇంటి నంబరు, గజాలు, నాలుగు హద్దులు.
సంతకం పెట్టాల్సిన వారసులందరి పేర్లు. వీలైతే అప్పుడే వాళ్ల సంతకాలు.
పాత పన్ను, కరెంటు బిల్లు, అప్పు ఎవరు తీర్చాలి.
అద్దెకున్నవాళ్లను ఎవరు, ఎప్పటిలోగా ఖాళీ చేయించాలి.
కాగితాల్లో లోపం బయటపడినా, బ్యాంకు లోన్ రాకపోయినా బయానా ఎన్ని రోజుల్లో వాపసు.
ఎవరు మాట తప్పితే ఏంటి.

చివరి రెండింటి దగ్గరే గొడవలొస్తాయి. లోన్ మీద ఆధారపడేవాళ్లు ఆ షరతు రాయించుకోకపోతే, బ్యాంకు కాదన్నా తప్పు మీదే అవుతుంది. కొనేవాళ్లు తప్పితే బయానా పోతుందని రాసుకుంటే అది పోయే అవకాశం ఉంది. కాబట్టి మొదట ఇచ్చేది చిన్న మొత్తంగా ఉంచండి, మిగతాది రిజిస్ట్రేషన్ రోజుకు పెట్టుకోండి. తేదీ కూడా మీ చేతికి డబ్బు వచ్చే కాలాన్ని బట్టి రాయించండి. కంది పంట డబ్బు మీద ఆధారపడిన కుటుంబం నవంబర్‌కు గడువు ఒప్పుకుంటే ఇబ్బంది పడేది తనే.

అగ్రిమెంట్ రాసుకున్నంత మాత్రాన ఇల్లు మీది కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం అది అమ్ముతామన్న మాటే తప్ప అమ్మకం కాదు. అగ్రిమెంట్‌ను రిజిస్టర్ చేయిస్తే ఈసీలో కనిపిస్తుంది, వేరేవాళ్లకు అమ్మడం కష్టమవుతుంది. అమ్మేవాళ్లు మాట తప్పితే గడువు తేదీ నుంచి 3 ఏళ్లలోపు కోర్టుకు పోవచ్చు. కానీ మిగతా డబ్బు కట్టడానికి మీరు సిద్ధంగా ఉన్నారని చూపించాలి. బ్యాంకు పాస్‌బుక్, మీరు పంపిన నోటీసు అక్కడ పనికొస్తాయి.

నగదు గురించి

ఇల్లు, స్థలం అమ్మకానికి 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదని ఇన్‌కమ్ ట్యాక్స్ నిబంధన 2015 జూన్ 1 నుంచి ఉంది. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను పడే ఆదాయం లేకపోతేనే మినహాయింపు. చెక్కు, డీడీ, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అయితే మీ దగ్గరా సాక్ష్యం ఉంటుంది.

"దస్తావేజులో తక్కువ చూపిద్దాం, మిగతాది చేతికివ్వు" అంటే ఒప్పుకోవద్దు. రేపు గొడవ వస్తే కాగితంలో లేని డబ్బు ఇచ్చినట్టు రుజువు చేయడం కష్టం. బ్యాంకు కూడా కాగితంలో ఉన్న రేటునే చూస్తుంది.

రిజిస్ట్రేషన్ రోజు వారసులందరూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చాకే ఆఖరి చెక్కు చేతికివ్వండి. ఒరిజినల్ కాగితాలు, తాళాలు అదే రోజు తీసుకోండి. తర్వాత పంచాయతీ రికార్డులో, కరెంటు మీటరులో పేరు మార్చుకోండి. ఈ షరతుల్లో ఏదైనా ఒకటి ఒప్పుకోని వాళ్ల దగ్గర రేటు ఎంత తగ్గినా ఆ ఇల్లు చవక కాదు. ఆ ఒక్కటి ఎందుకు ఒప్పుకోవట్లేదో తెలిసేదాకా బయానా మీ దగ్గరే ఉండనివ్వండి.