ఒకరికి తెరిచిన తలుపు, మరొకరికి మూసిన తలుపు: తొలినాళ్ల అమెరికాలో పార్టీలు, ఓటు హక్కు

అమెరికా ప్రజాస్వామ్యం గురించి మనం చదువుకున్న కథ సూటిగా ఉంటుంది. మొదట ఆస్తిపరులకే ఓటు ఉండేది. తర్వాత పార్టీలు పుట్టాయి, ఆస్తి షరతులు పోయాయి, సామాన్యుడికి ఓటు వచ్చింది. ఇందులో అబద్ధం లేదు, కానీ ఇది సగం కథే. 1800 నుంచి 1840 దాకా అనేక రాష్ట్రాల్లో పేద తెల్ల మగవాడికి ఓటిచ్చిన మార్పే నల్లజాతి పౌరుడి ఓటును లాక్కుంది. ఆ రెండో సగాన్ని ఇక్కడ చూద్దాం.

పార్టీల పుట్టుక

1787లో రాసిన రాజ్యాంగంలో పార్టీల ఊసే లేదు. ఓటు ఎవరికి ఉండాలన్న ప్రశ్నను కూడా అది రాష్ట్రాలకే వదిలేసింది. 1790లలో అలెగ్జాండర్ హామిల్టన్ తెచ్చిన జాతీయ బ్యాంకు, ప్రభుత్వ అప్పుల విధానాల మీద నాయకులు రెండుగా చీలారు. హామిల్టన్ వైపు ఫెడరలిస్టులు, థామస్ జెఫర్సన్, జేమ్స్ మాడిసన్‌ల వైపు రిపబ్లికన్లు నిలిచారు. ఈ రిపబ్లికన్లకూ నేటి రిపబ్లికన్ పార్టీకీ సంబంధం లేదు. నేటి పార్టీ 1854లో పుట్టింది.

1800 ఎన్నికలో జెఫర్సన్‌కూ, ఆయన పార్టీకే చెందిన ఆరన్ బర్‌కూ చెరి 73 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. అధ్యక్షుడిగా ఉన్న ఫెడరలిస్టు జాన్ ఆడమ్స్‌కు 65 వచ్చాయి. ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ జరిపాక 1801 ఫిబ్రవరిలో జెఫర్సన్ గెలుపు తేలింది. అధికారం ఒక పార్టీ నుంచి ప్రత్యర్థి పార్టీకి శాంతియుతంగా మారిందని ఈ ఎన్నికను మెచ్చుకుంటారు. అయితే ఆ ఓట్ల లెక్క వెనుక ఇంకో లెక్క ఉంది. రాజ్యాంగం బానిసలను ఐదింట మూడు వంతుల చొప్పున జనాభాలో కలిపింది. దాంతో దక్షిణాది రాష్ట్రాలకు అదనపు సీట్లు, అదనపు ఎలక్టర్లు దక్కారు. ఓటు లేని మనుషుల తలలు లెక్కపెట్టి, వాళ్ల యజమానులకు బలం ఇచ్చారన్నమాట.

న్యూజెర్సీ: ఉన్న ఓటు పోయింది

1776 నాటి న్యూజెర్సీ రాజ్యాంగం 50 పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరికీ ఓటు ఇచ్చింది. రంగు గురించి గానీ, ఆడా మగా గురించి గానీ అందులో మాట లేదు. ఆస్తి ఉన్న వితంతువులు, పెళ్లికాని స్త్రీలు, నల్లజాతీయులు అక్కడ ఓటు వేశారు. పెళ్లయిన స్త్రీ ఆస్తి చట్టం దృష్టిలో భర్తదే కాబట్టి ఆమెకు ఆ అవకాశం దక్కలేదు. 1807లో ఎన్నికల అక్రమాలను ఆపాలన్న పేరుతో కొత్త చట్టం వచ్చింది. పన్ను కట్టే తెల్ల మగ పౌరులకే ఓటు అని అది తేల్చింది. ఆస్తి తక్కువున్న తెల్లవాడు లోపలికి వచ్చాడు, స్త్రీలు, నల్లవాళ్లు బయటికి పోయారు.

న్యూయార్క్: 250 డాలర్ల గోడ

న్యూయార్క్‌లో ఓటున్న నల్లవాళ్లు ఎక్కువగా ఫెడరలిస్టుల వైపు మొగ్గేవారు. బానిసత్వ నిర్మూలనను సమర్థించిన ప్రముఖులు చాలామంది ఆ పార్టీలో ఉండటం అందుకు ఒక కారణం. ఆ ఓటు రిపబ్లికన్లకు కంట్లో నలుసైంది. ఓటేయాలంటే తాను బానిసను కాదని నల్లవాడు ధ్రువపత్రం చూపాలని 1811లో చట్టం చేశారు. 1821 రాజ్యాంగ సభ తెల్లవాళ్లకు ఆస్తి షరతు తీసేసి, నల్లవాళ్లకు మాత్రం 250 డాలర్ల విలువైన స్థిరాస్తి ఉండాలని పెట్టింది. 1826లో తెల్లవాళ్లకు మిగిలిన పన్ను షరతు కూడా పోయింది. ఆ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1827లో. అంటే సంకెళ్లు తెగకముందే గోడ లేచింది. ఆ గోడను తొలగించాలన్న ప్రతిపాదనను 1846, 1860, 1869లలో ఓటర్లు తిరస్కరించారు. చివరికి 1870లో 15వ రాజ్యాంగ సవరణతో అది కూలింది.

జాక్సన్ కాలం

1824లో ఆండ్రూ జాక్సన్‌కు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, ప్రతినిధుల సభ జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆ కోపాన్ని మార్టిన్ వాన్ బ్యూరెన్ వంటి వారు సంఘటిత పార్టీగా మలిచారు. అదే డెమోక్రటిక్ పార్టీ. 1828లో జాక్సన్ గెలిచాడు. 1832 నాటికి ఒక్క సౌత్ కరోలినాలో తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ అధ్యక్ష ఎలక్టర్లను ఓటర్లే ఎన్నుకుంటున్నారు. విగ్ పార్టీతో పోటీ పెరిగి, 1840లో అర్హులైన వాళ్లలో దాదాపు 80 శాతం మంది ఓటేశారు.

ఆ అర్హులు ఎవరన్నదే మన ప్రశ్న. టెన్నెసీ 1834లో, నార్త్ కరోలినా 1835లో, పెన్సిల్వేనియా 1838లో నల్లవాళ్ల ఓటు తీసేశాయి. జాక్సనే 1830లో సంతకం చేసిన చట్టంతో ఆదివాసీ జాతులను మిసిసిపీ నది అవతలికి తరిమారు. దక్షిణాది బానిస యజమానులనూ ఉత్తరాది తెల్ల శ్రామికులనూ ఒకే పార్టీలో కలిపి ఉంచడానికి తెల్లతనం జిగురులా పనిచేసింది. ఆస్తి కొలమానం పోయిన చోట రంగు కొలమానమైంది.

బాధితులు ఊరుకోలేదు

1830లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్ అధ్యక్షతన నల్లజాతి జాతీయ సభ జరిగింది. 1838లో రాబర్ట్ పర్విస్ పెన్సిల్వేనియాలోని నలభై వేల మంది నల్లజాతి పౌరుల తరఫున విజ్ఞప్తి రాశాడు. రోడ్ ఐలాండ్‌లో 1841–42లో థామస్ డోర్ నాయకత్వంలో ఓటు ఉద్యమం లేచింది. దాని రాజ్యాంగ ముసాయిదా తెల్లవాళ్లకే ఓటు అనడంతో నల్లవాళ్లు ఎదురుపక్షాన నిలబడ్డారు, కొత్త రాజ్యాంగంలో తమ ఓటును తిరిగి సాధించుకున్నారు.

మనకు ఏం సంబంధం?

జ్యోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని నిర్మూలించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన అంబేడ్కర్ సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు అడిగారు. అయినా 1935 చట్టం ఆస్తి, పన్ను, చదువు షరతులను ఉంచింది. కులం పేరెత్తకుండానే ఆ షరతులు అత్యధిక దళితులను ఓటుకు దూరం చేశాయి. మన రాజ్యాంగంలోని 326వ అధికరణ ఆ షరతులను రద్దు చేసింది. ప్రజాస్వామ్యం విస్తరిస్తోందని ఎవరైనా చెప్పినప్పుడు, అదే చట్టంలో కొత్తగా చేరిన షరతు ఏమిటో, అది ఎవరి మీద పడుతుందో మనం అడిగి తీరాలి.