దిగంబర కవుల నుంచి ఎల్.బి. నగర్ చౌరస్తా పాట దాకా: ఒక అల్పాయుష్షు బృందం వారసత్వం

దిగంబర కవుల మొదటి సంపుటి 1965 మే నెలలో వెలువడింది, మూడోది 1968 సెప్టెంబరులో. నాలుగో సంపుటి రాలేదు. ఆరుగురు కవులు, మూడు పుస్తకాలు, మూడేళ్ల పైచిలుకు కాలం. ఇంత స్వల్పకాలిక బృందాన్ని గురించి జరిగిన చర్చలో ఎక్కువ భాగం రెండు అంశాల చుట్టూ తిరిగింది. ఒకటి వారి భాషలోని బూతు, రెండోది 1970లో బృందం చీలిపోయిన తీరు. రెండూ ముఖ్యమైనవే. అయితే ఆ బృందం మిగిల్చినదాన్ని వెతకవలసిన చోటు అచ్చు కవిత్వం కంటే ఎక్కువగా పాట అని ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ అన్వేషణ హైదరాబాదు తూర్పు అంచున మొదలై, మళ్లీ అక్కడికే చేరుతుంది.

పాశ్చాత్య సంగీత చరిత్రలో ఇటువంటి బృందాలను అంచనా వేయడానికి ఒక పద్ధతి స్థిరపడింది. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని ఒక చిన్న హాలులో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం పాడినప్పుడు శ్రోతలు బహు స్వల్పం. ఆ బృందం 1978 జనవరికల్లా విచ్ఛిన్నమయింది. కానీ ఆ హాలు నుంచి బయటికి వచ్చినవారిలో కొందరు జాయ్ డివిజన్ వంటి బృందాలను కట్టారు. పంక్ కేకను దాటి కొత్త రూపాల కోసం వెతికిన ఆ తరువాతి దశకే పోస్ట్-పంక్ అని పేరు. జాయ్ డివిజన్ కూడా నాలుగేళ్లే బతికింది, రెండు ఆల్బమ్‌లే ఇచ్చింది. అంటే బృందం విలువను అది నిలిచిన కాలంతో గాక, దాని తరువాత ఎవరు ఏ రూపంలో గొంతు విప్పారన్న దానితో కొలుస్తారు. దిగంబర కవులు పంక్ కంటే పదేళ్లు ముందువారు కనుక అనుకరణ ప్రసక్తి లేదు. వారికి సమకాలీన బంధువులు కలకత్తాలోని హంగ్రీ జనరేషన్ కవులు. ఐనా అదే కొలబద్ద ఇక్కడ పనికివస్తుంది. తెలుగు నగరాల్లో ఆ మొదటి కేక వాద్యబృందం నుంచి రాలేదు, కవుల నుంచి వచ్చింది.

పేర్లు, ఆవిష్కరణలు

మానేపల్లి హృషీకేశవరావు నగ్నముని అయ్యాడు. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యాడు, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు, వీరరాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యాడు. మన్మోహన్ సహాయ్ భైరవయ్యగా, కమ్మిశెట్టి వెంకటేశ్వర్లు మహాస్వప్నగా మారారు. కులం పలికే పేర్లను తీసివేయడం వారి మొదటి చర్య. వారాలకూ ఋతువులకూ సంవత్సరాలకూ సొంత పేర్లు పెట్టుకున్నారు. కవితలను ‘దిక్కులు’ అన్నారు. పేరు విసర్జించడానికి ముందు విసర్జించదగిన పేరు ఉండాలి గదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా పుడుతుంది. రెడ్డి, రావు, ఆచార్యులు అనే తోకలు ఉన్నవారికే వాటిని కత్తిరించుకునే వీలు ఉంటుంది. దిగంబరుల తిరుగుబాటుకు ఉన్న సామాజిక పరిమితి ఈ ఒక్క చర్యలోనే కనబడుతుంది.

ఆవిష్కరణల సంగతి ఇంకా ఆసక్తికరం. మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి వేళ నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండో సంపుటిని 1966 డిసెంబరులో విజయవాడలో జంగాల చిట్టి అనే హోటలు కార్మికుడు, మూడోదాన్ని విశాఖపట్నంలో ఎడ్ల యాదమ్మ అనే బిచ్చగత్తె ఆవిష్కరించారు. అధ్యక్షులూ ముఖ్య అతిథులూ శాలువాలతో నడిచే పుస్తకావిష్కరణ తంతును వీరు తలకిందులు చేశారు. పుస్తకాన్ని సంఘటనగా మార్చారు. వారి కవితల్లో చాలావాటిని ఈనాడు ఓపిక పట్టి చదవవలసి వస్తుంది గాని, ఈ మూడు రాత్రులు మాత్రం ఎవరూ మరచిపోలేదు.

అయితే ఒక చిక్కు ఉంది. పుస్తకాన్ని ఆవిష్కరించే చేయి వేరు, చదివే కన్ను వేరు. దిగంబరులు రాసింది వచన కవిత. దీర్ఘమైన పాదాలు, సంస్కృత సమాసాలు, ఉన్నట్టుండి బూతు, మళ్లీ సమాసం. చదువుకున్న మధ్యతరగతి పాఠకుడిని ఉలిక్కిపడేలా చేయడానికే ఆ శైలి పుట్టింది. పాండుకూ యాదమ్మకూ అది ఉద్దేశించినది కాదు. సాహిత్య చరిత్రలు యాదమ్మ పేరునూ వృత్తినీ నమోదు చేశాయి. ఆమె మాటను నమోదు చేయలేదు.

చీలిక, పాట

1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగాయి. రచయితలు ఎటువైపో తేల్చుకోవాలని అక్కడి విద్యార్థులు కరపత్రం పంచారు. ఆ ఏడాది జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు దానిలో నిలిచారు. భైరవయ్య, మహాస్వప్న ఆ దారి పట్టలేదు. 1971లో ఆ ముగ్గురినీ ముందస్తు నిర్బంధ చట్టం కింద ప్రభుత్వం జైలులో పెట్టింది. హైకోర్టు ఉత్తర్వుతో విడుదలయ్యారు.

ఈ ముగ్గురిలో చెరబండరాజు ప్రస్థానం ఈ వ్యాసానికి కీలకం. 1944లో ఘట్‌కేసర్ సమీపంలోని అంకుశాపూర్‌లో పుట్టాడు. నిఖిలేశ్వర్ స్వగ్రామం వీరవెల్లి ఇంకొంచెం తూర్పున, భువనగిరి పక్కన. నగరానికి తూర్పున ఉన్న పల్లెల నుంచి చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చినవారు వీరిద్దరూ. చెరబండరాజు బడిపంతులుగా పనిచేశాడు. దిగంబరుడిగా ధిక్కార స్వరంతో వచన కవిత రాసినవాడే డెబ్బయ్యవ దశకంలో పాట వైపు మళ్లాడు. సమాసం పోయింది, బూతు కూడా పోయింది. కూలి పని లయ, పల్లవి, మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న మిగిలాయి. శ్రామికుల చాకిరిని గురించిన ఆయన పాటలను జన నాట్య మండలి సభల్లో పాడింది. బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ అనే మరో చిన్న బృందం నుంచి రూపుదిద్దుకున్న మండలి అది. గద్దర్ గొంతు అక్కడే రాటుదేలింది. ఆర్ట్ లవర్స్ కూడా కొద్దికాలమే ఉన్న బృందం అన్నది గమనించదగ్గ విషయం.

చెరబండరాజు పాటకు సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథా, శ్రీకాకుళ పోరాటమూ ప్రధాన ప్రేరణలని వాదించవచ్చు. ఆ వాదంలో నిజం ఉంది. కానీ పాణిగ్రాహి జానపద కళలోంచే వచ్చాడు. చెరబండరాజు అచ్చు పుస్తకపు ఆధునిక కవిత్వాన్ని చివరిదాకా వెళ్లి చూసి, అది పాండు దాకా చేరదని గ్రహించి వచ్చాడు. ఆ గ్రహింపు దిగంబర అనుభవం ఇచ్చినది. 1974 సికింద్రాబాదు కుట్రకేసులో ఆయన నిందితుడు. మెదడులో కణితితో 1982 జూలై 2న, ముప్పయ్ఎనిమిదేళ్ల వయసులో మరణించాడు. ఆ కేసు కొట్టివేతకు 1989 దాకా పట్టింది.

తూర్పు రహదారి

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రహదారి మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ మీదుగా సాగుతుంది. తరువాతి దశాబ్దాల్లో ఈ రహదారి పొడవునా కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ శిక్షణ సంస్థలు, హాస్టళ్లు వెలిశాయి. అంకుశాపూర్, వీరవెల్లి నుంచి ఒకప్పుడు వచ్చినవారి లాగానే నల్లగొండ, ఖమ్మం పల్లెల విద్యార్థులు ఇక్కడ దిగారు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం తెలంగాణ పాటను చౌరస్తాలకు తెచ్చింది. 2009 నవంబరు 29న ఎల్.బి. నగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఆత్మాహుతికి పాల్పడి, డిసెంబరు 3న కన్నుమూశాడు. మోత్కూరు ప్రాంతపు పల్లె విద్యార్థి. ఆ తరువాత అతని పేరు ఉద్యమ పాటల్లోకి ఎక్కింది.

ధూంధాం కళాకారులు దిగంబరులను చదివారా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. వేదిక లేని చోటును వేదిక చేయడం, అతిథి లేని సభ, ఆహ్వానం లేని శ్రోత అనే పద్ధతి పాట బృందాల ద్వారా చేతులు మారుతూ వచ్చింది. మారిన విషయం ఒకటుంది. 1965లో రిక్షా కార్మికుడు పుస్తకాన్ని అందుకుని నిలబడ్డాడు. ధూంధాంలో ఆ తరగతి మనుషులే డప్పు పట్టి పాడారు. అందెశ్రీ వంటివారు బడి చదువు లేకుండానే కవులుగా నిలిచారు.

ఈ వరస నేరుగా సాగలేదు. మధ్యలో స్త్రీవాదులు, దళిత కవులు దిగంబరుల మీద గట్టి అభ్యంతరాలు తెలిపారు. ఆరుగురూ పురుషులే. వ్యవస్థను తిట్టడానికి స్త్రీ శరీరాన్ని ఉపమానంగా వాడిన తీరు నేటికీ మింగుడుపడదు. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ దళిత కవితా సంకలనం తన పేరులోనే పాటను ఎంచుకోవడం కూడా ఆలోచించదగ్గది. కోపం ఎవరిది, గొంతు ఎవరిది అన్న తేడాను ఆ సంకలనం తేల్చి చూపింది.

నిఖిలేశ్వర్‌కు ‘అగ్నిశ్వాస’ సంపుటికి 2020 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. దిగంబర సంపుటాలు గ్రంథాలయాల్లో దొరుకుతాయి, సిద్ధాంత గ్రంథాలకు విషయమవుతాయి. తూర్పు రహదారి చౌరస్తాల్లో పాడిన పాటల్లో చాలావాటికి కర్త పేరు పాడినవారికే గుర్తుండదు. ఒక్కో ఊరి దళం ఒక్కో చరణం చేర్చింది. ఆ పాఠాంతరాలను పాడినవారు ఇంకా ఈ హాస్టళ్లున్న వీధుల్లోనే, ఇప్పుడు నడివయసులో, ఉపాధ్యాయులుగానో చిరు వ్యాపారులుగానో ఉన్నారు.