అరవై ముక్కలు, అరవై ఆరుగురు వీరులు

మొన్న వేసవి సెలవులకి మా మేనల్లుడు నర్సరావుపేట వస్తూ, బట్టలకన్నా జాగ్రత్తగా ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. నిండా బొమ్మల ముక్కలే. నాకు తెలిసిన పేకాట రమ్మీతో మొదలై రమ్మీతోనే ఆగిపోయింది. వాడిది వేరే ఆట, పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితశాస్త్రవేత్త తయారుచేశాడు. ఇందులో ఎవరి కట్ట వాళ్ళే కూర్చుకోవాలి. కట్టలో కనీసం 60 ముక్కలుండాలి. శక్తినిచ్చే మామూలు నేల ముక్కలు తప్ప, ఏ ముక్కా నాలుగుకి మించకూడదు. ఇరవై ప్రాణాలతో మొదలుపెట్టి, ఎదుటివాడివి సున్నాకి తేవాలి. స్థూలంగా ఇదీ ఆట.

వాడి సరదా కుంగ్‌ఫూ సినిమాల కట్ట కూర్చడం. 1978లో వచ్చిన ‘ది థర్టీసిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్’ ఇద్దరం కలిసి చూశాం. అందులో కొట్లాటకన్నా సాధనే ఎక్కువ. హీరో ఒక్కో గదిలో ఒక్కో విద్య నేర్చుకుంటూ పోతాడు. దాన్ని ముక్కల్లోకి ఎలా తెస్తావురా అనడిగితే, 2014లో వచ్చిన ‘ఖాన్స్ ఆఫ్ టార్కిర్’ ముక్కలు తీసి చూపించాడు. అందులో సన్యాసి యోధులున్నారు. మనం మంత్రం ముక్క వేసినప్పుడల్లా, ఆ వంతు అయ్యేదాకా వాళ్ళ బలం ఒక్కటి పెరుగుతుంది. సాధనని ఒక చిన్న నియమంగా మార్చేశారన్న మాట. బొమ్మలో గుండు, కాషాయం ఉంటే సరిపోదని, కథలోని గుణం ఆట నడకలో కనబడాలని అప్పుడు అర్థమైంది.

వీరుల్ని ముక్కలమీదకి ఎక్కించడం కొత్తేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో చెన్ హోంగ్‌షౌ అనే చైనా చిత్రకారుడు ‘వాటర్ మార్జిన్’ కథలోని నలభైమందిని పేకముక్కల బొమ్మలుగా గీశాడు. మద్యం తాగుతూ ఆడుకునే ముక్కలవి. అదే కథని 1972లో షా బ్రదర్స్ సంస్థ సినిమా తీసింది. మన దేశంలో దశావతార గంజీఫా ఉండనే ఉంది: పది అవతారాలు, ఒక్కోదానికి పన్నెండు చొప్పున 120 ముక్కలు.

“అయితే మనూరి వీరులతో చేద్దామా?” అన్నాను, కొంచెం గొప్పగానే. పల్నాటి వీరులు అరవై ఆరుగురు, కట్టకి కావలసినవి అరవై ముక్కలు. లెక్క దాదాపు కుదిరింది కదా అనుకున్నాను.

“పేర్లు చెప్పు మావయ్యా, రాసుకుంటా” అన్నాడు.

బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు, అనపోతు, అలరాజు, కొమ్మరాజు... పన్నెండు దాకా వచ్చి ఆగిపోయాను. పుట్టి పెరిగింది ఇక్కడే. పౌరుషం అనగానే మాది పల్నాడని చెప్పుకునేవాణ్ణే.

ఆ రాత్రి పుస్తకాలు దించాను. శ్రీనాథుడిదని చెప్పే ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ని 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చు వేయించారు. మౌఖిక కథని ఆలిశెట్టి గాలెయ్య పాడగా, జీన్ రోఘేర్ ఇంగ్లీషు చేసి 1982లో ప్రచురించాడు. సినిమాలు రెండు. 1947 నాటిది గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా, ఆయన పోయాక ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. అక్కినేని అందులో బాలచంద్రుడు. 1966 నాటి దాంట్లో ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు. తెరమీద చూసిన ముఖాలే నాకు గుర్తున్నాయి. చూపించనివాళ్ళు నాకు లేనట్టే.

మర్నాడు పెళ్ళి శుభలేఖల అట్టలు కత్తిరించి కట్ట మొదలుపెట్టాం. కోడిపోరు ముక్క తేలిగ్గా కుదిరింది. ఈ ఆటలో ‘ఎగ్జైల్’ అని ఒక చోటుంది, అక్కడికి పోయిన ముక్క మామూలుగా తిరిగిరాదు. మా కోడిపోరులో ఓడినవాడి మనుషులు ఏడు వంతులు అక్కడ ఉండి రావాలి, మాచర్లవాళ్ళ ఏడేళ్ళ వనవాసంలాగా. చాపకూడు నేల ముక్క అయింది. ఆటలో అయిదు రంగులుంటే, మామూలు నేల ఒక్క రంగు శక్తే ఇస్తుంది. కులాలన్నీ ఒక్క చాపమీద కూర్చుని తిన్నారు కాబట్టి మా చాపకూడు ఏ రంగైనా ఇస్తుంది. యుద్ధానికి పోతూ బాలచంద్రుడు వంకపెట్టి వెనక్కి పంపేస్తే ప్రాణం తీసుకున్న అనపోతుకి ఏ శక్తి రాయాలో మాత్రం ఇద్దరికీ తోచలేదు.

నాగమ్మ దగ్గర పేచీ వచ్చింది. విలన్ అని రాయబోయాడు. ఆగమన్నాను. నలగామరాజు దగ్గర మంత్రాంగం నడిపిన మనిషి. సినిమావాళ్ళు కూడా ఆ వేషం కన్నాంబకి, భానుమతికి ఇచ్చారు. వాడు కాసేపు ఆలోచించి, “అయితే ఆవిడ ఈ కట్టలో ఉండకూడదు మావయ్యా, ఆవిడ కట్ట ఆవిడకుండాలి” అన్నాడు. ఇన్నేళ్ళూ నేను ఈ కథని బ్రహ్మనాయుడి చేతిలోని ముక్కల్లోంచే చూశానని అప్పుడు తట్టింది.

అసలు చిక్కు గెలుపు దగ్గర. ఏ కట్టయినా గెలవడానికే కూరుస్తారు. ఈ కథలో గెలిచిందెవరు? కారంపూడిలో అందరూ పోయారు. మిగిలిన బ్రహ్మనాయుడు రాజ్యం నలగాముడికే వదిలి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు.

ఒక ఆదివారం వాణ్ణి కారంపూడి తీసుకెళ్ళాను. ఎండకి నాగులేటి ఒడ్డున జనం లేరు. వీరుల గుడిలో వరసగా లింగాలు. కార్తీక అమావాస్యకి ఇక్కడ అయిదు రోజుల తిరునాళ్ళని, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ రోజుల పేర్లని చెప్పాను. వాడు వేళ్ళమీద లెక్కపెట్టుకుని, “మా ఆటలో కూడా ఒక్కో వంతుకి అయిదు దశలే” అన్నాడు. కాసేపటికి మళ్ళీ, “చచ్చిపోయిన ముక్కలు పెట్టే చోటుని మేం గ్రేవ్‌యార్డ్ అంటాం మావయ్యా. కొన్ని కట్టలకి బలమంతా అక్కడే ఉంటుంది. ఇదీ అలాంటిదే” అన్నాడు.

ఇంటికొచ్చి నియమం మార్చాం. చనిపోయిన ఒక్కో వీరుడికీ బతికున్నవాళ్ళ బలం ఒకటి పెరుగుతుంది. ఆఖరివాడు కూడా పోతే ఆట డ్రా. పోటీల్లో గెలిస్తే మూడు పాయింట్లు, డ్రాకి ఒకటి. “ఆ ఒక్కటి చాల్లే” అన్నాడు.

నేలలు, మిగతా ముక్కలు పోను కట్టలో పాతికమంది వీరులకి చోటుంది. నేను చెప్పగలిగింది పన్నెండుమందిని. మిగతా ముక్కలు తెల్లగానే వదిలేసి, సెలవులయ్యాక వెళ్ళిపోయాడు. ప్రతి ఆదివారం ఫోనులో, “ఎంతమందయ్యారు?” అని అడుగుతాడు. పుస్తకాలు తిరగేస్తున్నాను, పాట తెలిసిన పెద్దవాళ్ళని అడుగుతున్నాను. నిన్నటికి ఇరవై మూడు. పాతిక దాటాక ఎవర్ని ఉంచి ఎవర్ని తీసెయ్యాలో వాడినే అడగాలి.