మిగిలిన ముక్కలు

స్కేల్ మోడల్ కార్ల చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా కంపెనీల పేర్లు, పెట్టెల మీది బొమ్మలు, పాత కిట్లకి పలికే ధరలు రాస్తారు. పెట్టెలో మిగిలిపోయిన ముక్కల గురించి రాసినవాళ్ళు తక్కువ. నాకేమో అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

డెట్రాయిట్ పక్కన ట్రాయ్ అనే ఊరుంది. ఇవాళ అక్కడ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, అందులో కార్ల రంగంలో పనిచేసేవాళ్ళూ తక్కువేం కాదు. 1948లో మొదలై ఆ ఊళ్ళో స్థిరపడ్డ ఏఎంటీ అనే కంపెనీ పేరులో అల్యూమినియం ఉంది కానీ, పేరు తెచ్చుకున్నది ప్లాస్టిక్ బొమ్మలతో. ఫోర్డ్, షెవ్రొలేల కొత్త కార్లకి 1/25 కొలతలో నమూనాలు పోసి డీలర్లకి ఇచ్చేది. పిల్లాడి చేతిలో బొమ్మ పెడితే తండ్రి కారు కొంటాడని ఆశ. బొమ్మకి వేసిన రంగు కూడా ఆ ఏడాది కారుకి కంపెనీ వేసిన రంగే. ఈ ఏటి కారు ఇదీ, ఇలాగే ఉంటుంది అని చెప్పడమే దాని పని.

1958లో ఆ కంపెనీయే ఒక తమాషా చేసింది. డీలర్ల బొమ్మలకి వాడిన అచ్చులతోనే కిట్లు పోసి, ఒక్కో పెట్టెలో మూడు కార్లకి సరిపడే సామాను పెట్టింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు కట్టుకోవచ్చు, సోకులద్ది కట్టుకోవచ్చు, రేసు కారుగా కట్టుకోవచ్చు. బాడీ మాత్రం ఒకటే. అంటే ఏ రకంగా కట్టినా కొన్ని ముక్కలు మిగలాల్సిందే. కంపెనీ లెక్క ఏమిటో ఊహించడం కష్టం కాదు: ఖరీదైన ఉక్కు అచ్చుని రెండోసారి సొమ్ము చేసుకోవడం. కానీ ఫ్యాక్టరీ కారుని అలాగే ఒప్పుకోనక్కర్లేదని లక్షల మంది పిల్లలకి చెప్పింది కూడా ఆ పెట్టెలే. ఒక ఫోర్డ్‌లో మిగిలిన బంపరు ఒక పాంటియాక్‌కి అతుక్కోవడానికి ఎంతసేపు కావాలి?

ఇది వాళ్ళు కనిపెట్టిందేం కాదు. యుద్ధం ముగిసిన కొత్తలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు 1932 ఫోర్డ్‌లో కాడిలాక్ ఇంజను దింపేవాళ్ళు. 1946లో బిల్ బర్క్ అనే ఆయన యుద్ధవిమానం కింద తగిలించే పెట్రోలు ట్యాంకునే బాడీగా పెట్టి రేసు కారు కట్టాడు. జార్జ్ బారిస్ షాపులో తయారైన హిరోహాటా మెర్క్యురీ పక్కనుంచి చూస్తే మెరిసే పట్టీ బ్యూయిక్‌ది. (విజయవాడ ఆటోనగర్ తెలిసినవాళ్ళకి ఇదంతా వింతగా ఉండదు. పెట్రోలు అంబాసిడర్‌లో డీజిల్ ఇంజను కూచోబెట్టిన మేస్త్రీని ఎవరూ కళాకారుడనలేదు, అంతే తేడా.)

చిన్న కొలతలో మాత్రం ఒక చిక్కుంది. ఏఎంటీ 1/25లో పోస్తే మోనోగ్రామ్ 1/24లో పోసేది. తేడా నాలుగు శాతమే. కానీ 1932 ఫోర్డ్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 106 అంగుళాలు. అది ఒక కిట్లో దాదాపు 108 మిల్లీమీటర్లు, ఇంకోదాన్లో 112. నా బల్లమీద ఇప్పుడున్నది మొదటి రకం బాడీ, రెండో రకం ఛాసిస్. ఛాసిస్ పట్టాలని సీటు కిందికొచ్చే చోట సన్నరంపంతో కోసి, నాలుగున్నర మిల్లీమీటర్లు తీసేసి, లోపలివైపు ప్లాస్టిక్ బద్ద అతికించాను. ఈ జిగురు బంక లాంటిది కాదు, రెండు అంచులనీ కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే పైకి పొడిగా కనిపించినా కొన్నాళ్ళు వదిలెయ్యాలి. పుట్టీ కూడా అంతే, ఆరేకొద్దీ కుంగుతుంది. తొందరపడి ఉప్పుకాగితం పెడితే రంగు వేశాక గీత తేలుతుంది. ఇంజను దగ్గర ఈ బాధ లేదు. మూడు సెంటీమీటర్ల ఇంజన్లో నాలుగు శాతమంటే మిల్లీమీటరు పైచిలుకు. ఇంజను అబద్ధమాడినా కన్ను క్షమిస్తుంది, చక్రాల మధ్య దూరం అబద్ధమాడితే క్షమించదు.

ఇలా అతికేవాళ్ళకి గౌరవం దక్కిందా అంటే, పెద్దగా లేదు. జనరల్ మోటార్స్ వాళ్ళ ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మెన్స్ గిల్డ్ 1930 నుంచి 1968 దాకా కుర్రాళ్ళకి పోటీలు నడిపింది. అక్కడ కారు నమూనాని సొంతంగా గీసి, సొంతంగా చెక్కాలి. 1947లో గెలిచిన చక్ జోర్డన్ తర్వాత ఆ కంపెనీ డిజైన్ విభాగానికే పెద్ద అయ్యాడు. గొప్ప సంగతే. కానీ చెక్కినవాడిది సృష్టి, అతికినవాడిది కాలక్షేపం అనే విభజన నాకు మింగుడుపడదు. ఖాళీ చెక్కముక్క ఎదురు చెప్పదు. వేరేవాళ్ళు వేరే కారు కోసం పోసిన ముక్క అడుగడుగునా ఎదురు చెప్తుంది, దాన్ని ఒప్పించాలి. టామ్ వుల్ఫ్ 1963లో ఎస్క్వైర్ పత్రికకి రాసిన వ్యాసంలో బారిస్‌నీ ఎడ్ రాత్‌నీ శిల్పులుగానే చూశాడు. రాత్ కార్లు అప్పటికే రెవెల్ కిట్లుగా పిల్లల చేతుల్లో ఉన్నాయి.

కంపెనీలూ గమనించాయి. బాడీ లేకుండా వట్టి ఇంజన్లు, చక్రాలు చిన్న పెట్టెల్లో పెట్టి అమ్మడం మొదలెట్టాయి, మిగిలిన ముక్కలకే వెల కట్టి. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో అంతరిక్ష నౌకల ఒంటినిండా కనిపించే ఆ గొట్టాలూ పెట్టెలూ కూడా చాలావరకు ఇలా దుకాణంలో కొన్న కిట్ల ముక్కలే. మిలెనియం ఫాల్కన్ నమూనా మీద ఏ ముక్క ఏ ట్యాంకుదో, ఏ కారుదో వెతికి పట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.