నిద్ర లేని తీగ

ద్రాక్షపళ్ళ తోపుడుబండి వీధి మలుపు తిరిగిందంటే చాలు, మనవాళ్ళు గుమ్మం దిగి రెండే పనులు చేస్తారు. ఒక పండు తెంపి నోట్లో వేసుకుంటారు. అది తేనెలా వున్నాసరే, "అబ్బే, పులుపు" అని మొహం చిట్లిస్తారు. బేరం అక్కడ మొదలవుతుంది. తప్పేం లేదు, మా ఇంట్లోనూ అదే పద్ధతి. కాని ఆ గుత్తి పుట్టుపూర్వోత్తరాలు కాస్త తిరగేశాక, పులుపని అబద్ధమాడడానికి నాకీమధ్య నోరు రావడంలేదు.

వానలు మొహం చాటేసే అనంతపురంలో కూర్చుని ద్రాక్ష గురించి రాయడమేమిటని నవ్వుకోకండి. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోతాయి. ఈశాన్య మేఘాలు కోస్తా దాటి ఇంతదూరం రాలేక అలిసిపోతాయి. మాకు మిగిలేది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లో జైసల్మేరు తరవాత దేశంలో వాన తక్కువ పడేది మా జిల్లాలోనే అని బళ్ళో చెప్పుకునేవాళ్ళం, అదేదో ఆటలపోటీలో రెండో బహుమతి అయినట్టు! అయితే ద్రాక్షకూ వానంటే పడదు. ఆకుమీద తడి నిలిచిందా, బూజు తెగులు పట్టుకుంటుంది. దానికి కావలసింది పైన ఎండ, కింద తడి. మొదటిది మా దగ్గర బోలెడంత వుంది. రెండోదే అప్పు తెచ్చుకోవాలి.

అసలు మనకు తీగకంటే ముందు మాట వచ్చినట్టుంది. తెలుగు మాష్టారు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని చెప్పేవారు గుర్తుందా? పద్యం చదవగానే రసం నోట్లో వూరితే ద్రాక్షాపాకం. తొక్క వొలుచుకోవలసి వస్తే కదళీపాకం. పెంకు పగలగొట్టుకోవలసి వస్తే నారికేళపాకం. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన 'ప్రతాపరుద్రీయం'లోనే ద్రాక్షాపాకం వుంది. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సైన్యాల చేత చిక్కింది. అంటే అంతకుముందే మన పండితులకు ఈ పండు రుచి తెలుసునన్నమాట. పచ్చిగుత్తి చూశారో లేదోగాని, వర్తకుల మూటల్లో వచ్చిన ఎండుద్రాక్షయినా చప్పరించే వుంటారని నా వూహ. అరటీ, కొబ్బరీ మన పెరట్లోవి. పరదేశి అయినా ద్రాక్షకే పై పీట వేశారు చూడండి!

మత్తు సంగతి ఇంకా ముందే తెలుసు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మద్యం వ్యవహారాలు చూసే అధికారి పనులు చెబుతూ, ద్రాక్షరసంతో చేసినదాన్ని మధువు అన్నాడు. కాపిశాయనం, హారహూరకం అని అది పుట్టిన చోటునుబట్టి దానికి పేర్లు కూడా వున్నాయి. కాపిశి ఇప్పటి అఫ్ఘనిస్తాన్‌లోది. సీసా తిప్పి ఏ దేశపు సరుకో చూసుకునే అలవాటు ఇవాళ్టిది కాదు.

ఇక తీగ దక్కనులో కాలు మోపిన కథకు మహమ్మద్ బిన్ తుగ్లక్‌తో ముడిపెడతారు. 1327లో ఆయన రాజధానిని ఢిల్లీనుంచి దౌలతాబాదుకు మార్చినప్పుడు జనంతోబాటు ద్రాక్ష కూడా వచ్చిందంటారు. 1340లలో ఆ ప్రాంతం చూసిన ఇబ్న్ బతూతా, అక్కడ ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండుసార్లు కాస్తాయని రాసుకున్నాడు. ఈ "రెండుసార్లు" దగ్గర మనం కాసేపు ఆగాలి.

ద్రాక్ష చలికి అలవాటుపడ్డ తీగ. దాని సొంత వూళ్ళో శీతాకాలం వచ్చేసరికి ఆకులన్నీ రాల్చేసి, ఎండుపుల్లలా కొన్ని నెలలు నిద్రపోతుంది. వసంతంలో లేచి చిగురిస్తుంది. మన దగ్గర ఆ చలి ఎక్కడిది? తీగకు పడుకునే వేళే తెలియదు. దాని మానాన వదిలేస్తే ఏడాది పొడుగునా ఆకులు వేసుకుంటూ పోతుంది, కాపు సరిగా రాదు. అందుకని చలి చేయవలసిన పని మన రైతు కత్తెరతో చేస్తాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కొమ్మలన్నీ కోసేసి మోడు చేస్తాడు. తరవాత వచ్చే కొత్త కొమ్మల్లో, పైకి కనబడకుండా, మొగ్గలు తయారవుతాయి. అక్టోబరులో మళ్ళీ కత్తిరిస్తే అవి పూతకు వస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుత్తులు. రెండు కత్తిరింపులు, ఒక పంట. బెంగుళూరు నీలంలాంటి రకాలయితే రెండు కాపులూ ఇస్తాయి. చంటిపిల్ల తల్లికి అలా కన్ను మూతపడుతుండగానే ఎవరో లేపుతారే, ఈ తీగ బతుకు చూస్తే నాకదే గుర్తొస్తుంది.

ఈ కత్తెర విద్య మొన్న మొన్న నేర్చింది కాదు. 1660లలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇక్కడ ద్రాక్ష జనవరిలోనే పండుతుందనీ, కొన్నిచోట్ల కోత ఏప్రిల్ దాకా సాగుతుందనీ, కోత అయ్యాక తీగలు కత్తిరిస్తారనీ, ఆ పళ్ళతో తెల్ల వైను చేస్తారనీ రాశాడు. అంటే కుతుబ్ షాహీల నాడు తెలుగుగడ్డమీద వైను తయారయిందన్నమాట.

మరి మా సీమ మాటేమిటంటారా? 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, అక్కడి బజారులో ద్రాక్ష, నారింజ, నిమ్మ, దానిమ్మ, పనస, మామిడి సమృద్ధిగా, అదీ కారుచౌకగా దొరికేవని రాశాడు. ఆ రాజ్యానికి మా పెనుకొండ పెద్ద దుర్గం. 1565 యుద్ధంలో హంపీ పాడుపడ్డాక కొంతకాలం రాజధాని కూడా. హంపీలో అమ్మిన గుత్తి పెనుకొండ కోటలోకి రాకుండా వుంటుందా? లేపాక్షికి వెళ్ళినప్పుడల్లా లతామంటపంలో ద్రాక్షగుత్తి కోసం వెదుకుతాను. ఎన్నో చీర అంచులకు నమూనాలిచ్చిన ఆ స్తంభాలమీద నా కంటికి ఇంతవరకూ దొరకలేదు. "దేవుడి కోసం వచ్చినావా, ద్రాక్ష కోసం వచ్చినావా?" అని మా వదిన కసురుకుంటుంది.

నన్నడిగితే ఆ రాజుల గొప్ప పళ్ళలో కంటే చెరువుల్లో వుంది. అనంతపురం అనే వూరే ఒక చెరువు పక్కన పుట్టింది. దాన్ని కట్టించినవాడు బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు అని చెబుతారు. ఆ పక్క వూరి పేరు బుక్కరాయసముద్రం. నీళ్ళు లేనిచోట సముద్రాలని పేర్లు పెట్టుకున్న జనం మేము. 1876-78 కరువు సీమనంతా వూడ్చేసింది. 1882లో బళ్ళారినుంచి విడదీసి అనంతపురాన్ని జిల్లా చేసేనాటికి జనం ఇంకా ఆ దెబ్బనుంచి తేరుకుంటూనే వున్నారు. అలాంటిచోట జొన్న, కొర్ర, తరవాత వేరుశనగ వేసుకుంటారు గాని, ద్రాక్షపందిరి ఎవరు వేస్తారు?

అంతమాత్రాన మన ఇళ్ళల్లోకి ద్రాక్షసారం రాలేదనుకుంటే పొరపాటే. అలమరలో అరిష్టాల సీసా లేని ఇల్లు మా చిన్నప్పుడు అరుదు. ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పుష్పాలు, ఏలకులు, దాల్చినచెక్క, మిరియాలు వగైరాలు కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ చుట్టి మట్టి మెత్తి నెలరోజులు కదపకుండా వుంచితే ద్రాక్షారిష్టం తయారవుతుంది. లోపల జరిగేది పులియడమే. మత్తు పదార్థం దానంతటదే కొద్దిగా పుడుతుంది. మా జేజి ఇంట్లో సారాయి పేరెత్తితే ఆ చెవులు కడుక్కోమనేది. అలాంటి జేజి రాత్రి భోజనమయ్యాక మూడు చెంచాల అరిష్టం సమంగా నీళ్ళు కలుపుకుని పుచ్చుకుని, "ఒళ్ళు తేలిగ్గా వుంది" అనేది. ఎందుకు తేలిగ్గా వుండేదో ఆవిడకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగువాళ్ళ ద్రాక్షకు పేరు తెచ్చింది మాత్రం హైదరాబాదే. నిజాం కాలపు తోటల్లోంచి బయటికి వచ్చిన రకం అనాబ్-ఎ-షాహి, అంటే రాచద్రాక్ష. పెద్ద గింజ, పలచని తోలు, లోపల రెండు మూడు విత్తులు. 1960లనుంచి కొంపల్లి, మేడ్చల్ వైపు ఎటు చూసినా దీని పందిళ్ళే. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమూ వెలిసింది. ప్రపంచంలోనే ఎక్కువ దిగుబడి ఇచ్చే రకాల్లో దీన్ని లెక్కపెట్టారు. తరవాత జనం విత్తులు వుమ్మడానికి కూడా బద్ధకించి, విత్తులేని రకాలకు అలవాటుపడ్డారు. నగరం పెరిగి, భూగర్భజలం తరిగి, పందిళ్ళుండే చోట మేడలు లేచాయి. ఇంత కాసినా అదంతా తినే పండే. వైను గోల్కొండ నవాబులతోనే పోయిందనుకోవాలి.

వైను వచ్చింది మాకు దక్షిణాన. హిందూపురంనుంచి బస్సెక్కితే గౌరీబిదనూరు మీదుగా రెండు గంటల్లో దొడ్డబళ్ళాపురం. ఎదురుగా నందికొండలు. మా పెన్నేరు పుట్టేది ఆ కొండల్లోనే. మా దగ్గరికి వచ్చేసరికి చాలా ఏళ్ళు ఇసకే మిగులుతుంది, అది వేరే సంగతి. ఆ చుట్టుపక్కల, చిక్కబళ్ళాపురం, కోలారు వైపు, బెంగుళూరు నీలం ద్రాక్ష సుమారు నూటయాభై ఏళ్ళుగా వుంది. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 1980ల చివర గ్రోవర్ అనే సంస్థ నందికొండల దిగువన ఫ్రాన్సు రకాలు నాటి, 1990లలో వైను సీసాలు బజారులోకి తెచ్చింది. 2007లో కర్ణాటక ప్రభుత్వం వైనుకోసం ప్రత్యేకంగా ఒక విధానమే తీసుకొచ్చింది. మాకంటే ఆ నేల ఎత్తు, రాత్రిళ్ళు చల్లన. వైనుద్రాక్షలో పులుపు నిలవాలంటే రాత్రి చల్లబడాలట. మా వేసవి రాత్రుల్లో మేమే నిలవలేం!

వాతావరణం ఒక్కటే కారణం కాదు. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలంలో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి రాష్ట్రమంతా పరుచుకుంది, మా జిల్లాతో సహా. ఆ కట్టు సడలాక పల్లెల్లోకి వచ్చింది ద్రాక్షరసం కాదు, పాకెట్టు సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కొంగు బిగించి సారా దుకాణం మూయించాక, ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ద్రాక్షరైతు బాగుపడాలంటే వైను ఫ్యాక్టరీ రావాలని వాదించేవాళ్ళున్నారు. లెక్క ప్రకారం వాళ్ళ మాటలో నిజముంది. కాని మొగుడి కూలిడబ్బులు సారా దుకాణానికి పోవడం చూసిన ఇల్లాలికి ఆ లెక్క చెప్పి రమ్మంటే, నేను వెళ్ళను.

అయినా మా జిల్లాలో ద్రాక్ష వేశారు, తినే ద్రాక్ష. హిందూపురం దగ్గర మా చిన్నాయన కూడా 1990ల చివర రెండెకరాలు వేశాడు. బోరు 300 అడుగుల్లో పడింది. రాతికూసాలు పాతి, తీగలు లాగి పందిరి వేశారు. అంట్ల వేరు అమెరికాది, డాగ్‌రిడ్జ్ అని టెక్సాస్ మెట్టల్లో పుట్టిన జాతి. నీటి ఎద్దడికీ, బోర్ల ఉప్పునీళ్ళకూ తట్టుకుంటుందని దానిమీద మన పండ్లరకాన్ని కడతారు.

ద్రాక్షతోటలో మగవాళ్ళ పని కత్తిరింపుతో సరి. మిగతాదంతా ఆడవాళ్ళ వేళ్ళ మీదే నడుస్తుంది. ఒత్తుగా వున్న గింజలు ఏరి తీసేయాలి. తరవాత గుత్తి గుత్తినీ జిబ్బరెల్లిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో ముంచాలి, గింజ లావయ్యేందుకు. ఈ మందు కథ తమాషాగా వుంటుంది. జపాన్‌లో వరిమొక్కలు వెర్రిగా ఎత్తు పెరిగి పడిపోయే తెగులొకటి వుండేది. దానికి కారణం ఒక బూజు విడిచే పదార్థమని 1926లో కురొసావా అనే ఆయన కనిపెట్టాడు. వరికి తెగులైంది ద్రాక్షకు టానిక్కయింది. మా చిన్నమ్మ పదిమంది కూలీలతో కలిసి, చేతులు పైకెత్తి పొద్దస్తమానం ఆ గుత్తులు ముంచేది. రాత్రి అన్నం కలుపుకోవడానికి భుజం లేచేది కాదు. "పండు లావైతాంది, నేను సన్నమైతాండ" అని నవ్వేది.

నాలుగు పంటలు బాగానే వచ్చాయి. అయిదో ఏడు బోరు గాలి కొట్టింది. 600 అడుగులకు ఇంకోటి వేశారు. ఆరు నెలలు నీళ్ళిచ్చింది. మూడోది 1000 అడుగుల దాకా పోయింది, పైకి వచ్చింది రాతిపొడి. ఆ మూడోదానికి చిన్నమ్మ నాలుగు గాజులూ కుదవకు పోయాయి. 2003లో రాష్ట్రంలో బిందుసేద్యం పథకం మొదలై, తరవాత చాలామంది చీనీ, దానిమ్మ తోటలు నిలబెట్టుకున్నారు. కాని గొట్టాలు పరచడానికి ముందు అడుగున నీళ్ళుండాలి కదా. 2012లో హంద్రీ-నీవా కాలువ కృష్ణ నీళ్ళను జీడిపల్లి దాకా తెచ్చింది. జీడిపల్లికీ చిన్నాయన చేనుకూ మధ్య చాలా దూరం.

ఆ యేడు అక్టోబరులో కత్తెర బయటికి తీయలేదు. ఆకులు పండి రాలిపోయాయి. మొదళ్ళు వంటచెరుకయ్యాయి. ఇనుపతీగలు తూకానికి అమ్మారు. రాతికూసాలు కొన్ని దానిమ్మ రైతు కొనుక్కుపోయాడు, కొన్ని గొడ్లకొట్టానికి నిలబెట్టారు. నాలుగింటిని మాత్రం చిన్నమ్మ ఇంటివెనక పాతించుకుని, వంటింటి నీళ్ళు మళ్ళించి బీరపాదు పాకించింది. కిందటిసారి వెళ్ళినప్పుడు సంచీనిండా బీరకాయలిచ్చింది. లేతగా వున్నాయి.