ఇంజనీరింగ్ ప్రవేశ ర్యాంకు నిర్ణయంలో ఇంటర్మీడియట్ మార్కుల పాత్ర

ఇంజనీరింగ్ కళాశాలల ప్రవేశాలకు నిర్వహించే ఉమ్మడి పరీక్షలో ర్యాంకు నిర్ణయించే విషయమై రెండు తెలుగు రాష్ట్రాలు 2023లో భిన్న మార్గాలను ఎంచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం వెయిటేజీని ఆ సంవత్సరం పునరుద్ధరించగా, తెలంగాణ దానిని శాశ్వతంగా రద్దు చేసింది. ఈ నిర్ణయాల వలన ఒకే విధమైన మార్కులు పొందిన విద్యార్థుల వరుస క్రమం ఒక రాష్ట్రంలో ఒక రకంగాను, మరొక రాష్ట్రంలో వేరొక రకంగాను ఉండే అవకాశం ఏర్పడింది.

నేపథ్యం

విద్యా సంస్థలలో ప్రవేశాల క్రమబద్ధీకరణకు, క్యాపిటేషన్ ఫీజు నిషేధానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో చట్టం చేశారు. వృత్తి విద్యా కోర్సులకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష విధానానికి ఈ చట్టమే ఆధారం. ఎంసెట్‌గా ప్రసిద్ధి పొందిన ఈ పరీక్ష పరిధి నుంచి ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. ప్రవేశాలు 2017లో నీట్‌కు మారాయి. తదనుగుణంగా ఆంధ్రప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారింది.

కోవిడ్ కారణంగా 2021లో ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం పరీక్షలు రద్దు కావడంతో ఉభయ రాష్ట్రాలు వెయిటేజీని పక్కన పెట్టి, ప్రవేశ పరీక్ష మార్కుల ఆధారంగానే ర్యాంకులు కేటాయించాయి. 2022లోనూ ఇదే పద్ధతి కొనసాగింది.

లెక్కింపు విధానం

ఇంజనీరింగ్ విభాగం ప్రశ్నపత్రంలో గణితానికి 80, భౌతిక శాస్త్రానికి 40, రసాయన శాస్త్రానికి 40 చొప్పున మొత్తం 160 మార్కులుంటాయి. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి, తెలంగాణలో 2018 నుంచి పరీక్ష కంప్యూటర్ ఆధారితంగా పలు విడతలలో జరుగుతున్నందున, ప్రశ్నపత్రాల కాఠిన్యంలోని తేడాలను సరిచేయుటకు మార్కులను నార్మలైజ్ చేస్తారు. అర్హతకు 25 శాతం, అనగా 40 మార్కులు అవసరం. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన వర్తించదు.

వెయిటేజీ విధానంలో ప్రవేశ పరీక్ష మార్కులను 75కు, ఇంటర్మీడియట్ గ్రూపు సబ్జెక్టుల మార్కులను 25కు కుదించి రెండింటినీ కలుపుతారు. భాషల మార్కులు లెక్కలోకి రావు. 2023 నాటి ఇంటర్మీడియట్ విధానంలో ఎం.పి.సి. గ్రూపునకు రెండు సంవత్సరాలకు కలిపి 1000 మార్కులు కాగా, అందులో గణితం 300, భౌతిక శాస్త్రం 150, రసాయన శాస్త్రం 150, వెరసి 600 మార్కులు మాత్రమే పరిగణనలోకి వచ్చాయి.

ఉదాహరణ

ఒక విద్యార్థికి ప్రవేశ పరీక్షలో 80, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులలో 570 మార్కులు వచ్చాయనుకుంటే, ఉమ్మడి స్కోరు 37.50, 23.75 కలిసి 61.25 అవుతుంది. రెండవ విద్యార్థికి ప్రవేశ పరీక్షలో 86, ఇంటర్‌లో 480 వస్తే, 40.31, 20.00 కలిసి 60.31 మాత్రమే అవుతుంది. వెయిటేజీ ఉన్నచోట మొదటి విద్యార్థి ముందుంటాడు. అది లేనిచోట రెండవ విద్యార్థిదే పైచేయి.

ఈ లెక్క ప్రకారం ప్రవేశ పరీక్షలోని ఒక మార్కు ఇంటర్మీడియట్‌లోని 11.25 మార్కులతో సమానం. ఇంటర్‌లో 90 మార్కులు వెనుకబడిన విద్యార్థి ఆ లోటు పూడ్చుకొనుటకు ప్రవేశ పరీక్షలో 8 మార్కులు అదనంగా సాధించవలసి ఉంటుంది. ఒకే మార్కు వద్ద అనేకమంది అభ్యర్థులు ఉండే పోటీలో 8 మార్కుల అంతరం కోరుకున్న కళాశాలను, బ్రాంచిని దూరం చేయగలదు.

ఉమ్మడి స్కోరు సమానమైతే ముందుగా ప్రవేశ పరీక్ష మొత్తం మార్కులను, పిదప సబ్జెక్టుల వారీ మార్కులను పరిశీలిస్తారు. అప్పటికీ తేడా తేలనిచో వయసులో పెద్దవారికి ప్రాధాన్యం లభిస్తుంది.

రెండు వాదనలు

రెండేళ్ల తరగతి గది చదువుకు విలువ నిలవాలంటే వెయిటేజీ అవసరమన్నది ఒక వాదన. వేర్వేరు బోర్డుల మూల్యాంకనం ఒకే తీరున ఉండదు గనుక ఆ మార్కులను ఒకే కొలబద్దతో కొలవరాదన్నది మరొకటి. జాతీయ స్థాయిలో జేఈఈ మెయిన్ 2013 నుంచి 2016 వరకు పన్నెండవ తరగతి మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చింది. బోర్డుల మధ్య తేడాలను సరిచేయుటకు పర్సెంటైల్ పద్ధతిని అనుసరించినప్పటికీ, 2017లో ఆ విధానాన్ని విరమించారు.

అర్హత వేరు, ర్యాంకు వేరు

వెయిటేజీ రద్దయినంత మాత్రాన ఇంటర్మీడియట్ మార్కులకు ప్రాధాన్యం పూర్తిగా తొలగిపోదు. 2023లో వెయిటేజీని రద్దు చేసిన తెలంగాణలో సైతం సంబంధిత సబ్జెక్టులలో కనీసం 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం మార్కులు ఉండాలన్న అర్హత నిబంధన కొనసాగింది. అదే విధంగా, ర్యాంకు ఒక్కటే సీటును నిర్ణయించదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులకు అనుగుణంగా 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయించబడతాయి. దానితోపాటు రిజర్వేషన్లు, అభ్యర్థి ఇచ్చిన ఆప్షన్ల క్రమం కూడా కౌన్సెలింగ్‌లో పరిగణనలోకి వస్తాయి. కావున వేర్వేరు సంవత్సరాల లేదా వేర్వేరు రాష్ట్రాల ర్యాంకులను పోల్చే సందర్భంలో ఆయా సంవత్సరాలలో వెయిటేజీ అమలులో ఉన్నదీ లేనిదీ ముందుగా గమనించవలసి ఉంటుంది.