గ్రామీణ మలావీలో పెద్దకూతురు: ఇంటి బాధ్యతలు, చదువు

ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీ పల్లెల్లో తొలి ఆడబిడ్డకు పదేళ్లు నిండకముందే ఇంటి చాకిరీ మీద పడుతుంది. తెల్లవారకముందే చేతిపంపు దగ్గరికి వెళ్లి నీళ్లు తలకెత్తుకుని రావాలి. కట్టెలు ఏరాలి, వాకిలి ఊడవాలి, చిటెంజె అనే నూలుబట్టతో చంటిబిడ్డను వీపున కట్టుకుని ఆడించాలి. అక్కడి ముఖ్యాహారం న్సిమా, అంటే మన సంకటిలాంటి మొక్కజొన్న ముద్ద. దానికి కావలసిన తెల్లపిండి ఒక పూటలో తయారయ్యేది కాదు. గింజలను రోట్లో దంచి పొట్టు తీసి, నానబెట్టి, కడిగి, ఆరబోసి, ఆ తర్వాతే మరకు పట్టుకెళ్లాలి.

బడికి ఎక్కువ నష్టం జరిగేది వానాకాలంలో. డిసెంబరు నుంచి మార్చి దాకా గాదెలు ఖాళీగా ఉంటాయి, కలుపుతీతా అప్పుడే. తల్లి 'గాన్యు' అనే రోజుకూలికి పరాయి పొలాలకు వెళితే పసిపిల్లలను చూసుకునేది పెద్దకూతురే. అలా నాగాలు పెరుగుతాయి, తరగతి తప్పుతుంది. ఎనిమిదేళ్ల ప్రాథమిక విద్య సగంలో ఉండగానే ఆమె ఈడేరుతుంది, పెళ్లిమాటలు మొదలవుతాయి.

1994లో ప్రాథమిక విద్య ఉచితమయ్యాక విద్యార్థుల సంఖ్య సుమారు 19 లక్షల నుంచి 30 లక్షలకు చేరిందని సాధారణంగా చెబుతారు. 32 లక్షలన్న లెక్కా ఉంది. చిన్న తరగతుల్లో బాలికలు బాలురతో సమానంగానే కనిపిస్తారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ తగ్గిపోతారు.

దీనికి వంశాచారాన్ని కారణంగా చూపేవారున్నారు. మధ్య, దక్షిణ ప్రాంతాల చెవా, యావో జాతుల్లో భూమి తల్లివైపు నుంచి సంక్రమిస్తుంది; ఉత్తరాన తుంబుకాల్లో తండ్రివైపు నుంచి. ఆ లెక్కన తల్లివైపు ఆస్తి వచ్చేచోట ఆడపిల్లలు ముందుండాలి. అయితే స్త్రీల అక్షరాస్యత ఉత్తరాదిలోనే ఎక్కువ. 1875లో మొదలైన లివింగ్‌స్టోనియా మిషన్ బడుల ప్రభావమే ఇందుకు కారణమనే వాదన మరింత సబబుగా తోస్తుంది. రోజువారీ చాకిరీకి తోడు, ఎయిడ్స్ విజృంభించిన కాలంలో రోగుల సేవ, అనాథలైన తమ్ముళ్ల, చెల్లెళ్ల పోషణ అనేక ఇళ్లలో అమ్మమ్మతోపాటు పెద్దపిల్ల మీదే పడ్డాయి.

ప్రసవమైన బాలికలను బడిలో తిరిగి చేర్చుకునే విధానం 1993లో వచ్చింది. 2015 చట్టం వివాహ వయసును 18 ఏళ్లు చేసింది. తల్లిదండ్రుల సమ్మతితో అంతకు ముందే పెళ్లి చేసే వెసులుబాటును 2017 రాజ్యాంగ సవరణ తొలగించింది. దెద్జా జిల్లాలో థెరెసా కచిందమోతో అనే సంప్రదాయ పాలకురాలు వందలాది బాల్యవివాహాలను రద్దు చేయించి ఆడపిల్లలను బడికి పంపారు. ఇవన్నీ అవసరమైనవే, కానీ తల్లి కూలికి పోయినప్పుడు ఇల్లెవరు చూడాలన్న చిక్కు వీటితో తీరదు.

ఆ చిక్కును కొంతైనా తాకింది జోంబా జిల్లా నగదు బదిలీ ప్రయోగం. 2008-09లో 13-22 ఏళ్ల పెళ్లికాని ఆడపిల్లలకు, వారి ఇళ్లకు నెలనెలా సొమ్ము ఇచ్చారు. హాజరు షరతు పెట్టినచోట చదువు బాగా నిలిచింది. షరతు లేనిచోట పెళ్లిళ్లు, గర్భాలు తగ్గాయి. సొమ్ము ఆగాక ఈ రెండో ఫలితం త్వరగానే కరిగిపోయింది. అప్పటికే బడి మానేసి, షరతుతో సొమ్ము అందుకుని మళ్లీ చేరినవారిలో మాత్రం మేలు నిలిచింది.